మంత్రిగారి కిర్రుచెప్పులు

ఒక రాజ్యంలో మంత్రి, నేతగాళ్ళందరికీ కొత్త మగ్గాలిచ్చి, పాతవి వారంలోగా పొయ్యిలో పెట్టాలని చాటింపు వేయించాడు. కొత్తది మంచిదే కావచ్చు గానీ, ముప్పై ఏళ్ళుగా చేతికి అలవాటైన మగ్గాన్ని కాల్చడానికి చౌడమ్మ అనే నేతగత్తెకి మనసొప్పలేదు. ఆమె మంత్రికి కిర్రుచెప్పుల జత కానుకిచ్చి, ఆయన విడిచిన పాత చెప్పులు మూటగట్టుకుపోయింది.

మూడోనాడు మంత్రి కుంటుకుంటూ ఆమె ఇంటికొచ్చాడు. "ఇవి కరుస్తున్నాయి. నా పాతవేవీ?"

"తమరి చాటింపు ప్రకారం పొయ్యిలో పెట్టేశాను దొరా."

మంత్రి మొహం మాడిపోయింది. "కొత్తవి కాలికి అలవాటయ్యేదాకా పాతవి ఉంచాలని తెలీదుటే నీకు?"

"ఆ ముక్కే చాటింపు వేయించండి," అంటూ చౌడమ్మ పాత మగ్గం గుంటలోంచి చెప్పుల మూట పైకి తీసింది.