పెద్దనాన్న ఎడమకాలు

బహుధాన్య నామ సంవత్సరం శ్రీరామనవమి, ఆదివారం ఉదయం పదిన్నరకి, ఎవరి మాటా చెవిన పెట్టని మా సన్యాసిరావు పెద్దనాన్న తన పాత చిన్నకారులో మమ్మల్ని కొండ మీది కోవెలకి తీసుకెళ్తున్నారు.

పన్నెండింటికి సీతారాముల కల్యాణం. అమ్మవారికి మధుపర్కాలు మా ఇంటి నుంచే వెళ్ళాలి. అది మా ముత్తవ్వ మొక్కు, ఏ ఏడూ తప్పలేదు. ఆ మూట పెద్దమ్మ ఒళ్ళో ఉంది. వెనక సీట్లో నేను, కొబ్బరికాయలు.

ఆ తెల్లకారు తలుచుకుంటే, కర్పూరమూ పెట్రోలూ కలిసిన దాని వాసన ఇప్పటికీ నాకు తెలుస్తుంది. పెద్దనాన్న దాన్ని రోజూ అద్దంలా తుడిచేవారు. కానీ నాటకాల్లో ముప్పై ఏళ్ళు కాలి హార్మోనియం తొక్కిన మనిషి. ఎడమకాలు ఎప్పుడూ క్లచ్ మీదే ఉండేది.

మెకానిక్ సుభానీ రెండు నెలల ముందే చెప్పాడు. "బాబుగారూ, గేరు మార్చాక ఆ కాలు తీసెయ్యండి. ఇది హార్మోనియం కాదు. క్లచ్ ప్లేటు అరిగిపోయింది, మార్చేద్దాం."

"నువ్వు పుట్టకముందు నుంచీ తొక్కుతున్నానురా," అన్నారు పెద్దనాన్న.

మొదటి మలుపులో పెద్దమ్మ మెల్లగా అంది. "ఏవండీ, ఏదో మాడుతున్న వాసన."

"పొద్దున్న నువ్వు మాడ్చిన పులిహోర పోపే. చీరకి పట్టింది."

"మాడ్చినదాన్ని నాకు తెలీదా? ఇది అది కాదు. కాస్త ఆపండి."

ఆయన ఆపలేదు. మూడో మలుపులో ఇంజను రొదపెట్టింది గాని కారు ముందుకి కదల్లేదు. నడుద్దామంది పెద్దమ్మ. చల్లారితే అదే ఎక్కుతుందని ఆయన అరగంట కూర్చోబెట్టారు. అది ఎక్కలేదు. బస్సులు కిక్కిరిసి, ఆగకుండా పోయాయి.

పెద్దమ్మ మూట నెత్తిన పెట్టుకుని ఎండలో నడిచింది. మేం చేరేసరికి తలంబ్రాలు కూడా అయిపోయాయి. సీతమ్మవారు ఎవరో ఇచ్చిన బట్టల్లో ఉన్నారు.

"లగ్నం ఆగదు కదమ్మా," అన్నారు అర్చకులు, తల దించుకుని.

పెద్దమ్మ మూటని అమ్మవారి పాదాల దగ్గర పెట్టి, కళ్ళు మూసుకుని నిలబడింది. పెద్దనాన్న ఆమె పక్కకి వచ్చారు.

"నువ్వు చెప్పావు. నేనే వినలేదు," అన్నారాయన. ఆ గొంతు అంత చిన్నగా నేనెప్పుడూ వినలేదు.

సాయంత్రం కారుని తాడు కట్టి ఇంటికి లాక్కొచ్చారు. మర్నాడు పొద్దున్నే సుభానీ వచ్చి కొత్త ప్లేటు వేశాడు. పెద్దమ్మ తను కూరలు తరిగేటప్పుడు కూర్చునే చిన్న పీట తెచ్చి ఇచ్చింది. దాన్ని కోసి, క్లచ్ పక్కన కదలకుండా బిగించాడు. పెద్దనాన్న ఎడమకాలు దాని మీద బుద్ధిగా ఆనించి, పెద్దమ్మని పక్కన కూర్చోబెట్టుకున్నారు.

"వాసనేమైనా వస్తోందేమో చెప్పవే."

"పోపుదా, కారుదా?" అంది పెద్దమ్మ.

చెప్పేది ఎవరని చూడక, మంచిమాటని వేళకి వినాలి. ఆలస్యంగా వచ్చిన బుద్ధి బండిని బాగుచేస్తుంది గాని, దాటిపోయిన లగ్నాన్ని వెనక్కి తేలేదు.