మూఢంలో ఆపకూడని సర్వరు

గోదారి పాయ రెండుగా చీలి మళ్లీ కలిసే చోట ఒక లంక, ఆ లంకకి ఎదురుగా గట్టు మీద ఒక అడవి. ఆ అడవి జంతువులు మనకంటే ఏమీ వెనకబడి లేవు. ఎగువ ఆనకట్ట మీద కాపలా ఉండే కొంగని అడగాలన్నా, లంకలో చుట్టాన్ని పలకరించాలన్నా కబురంతా గట్టు మీది ప్రాక్సీ సర్వరు చేతుల మీదుగానే పోవాలి. ఇటు మాట అటు, అటు మాట ఇటు అందించే మధ్యవర్తి అది. ఒక్కో మాటకి ఒక్కో ఫైలు తెరిచి పట్టుకుంటుంది. ఒకేసారి వెయ్యికి మించి తెరవకూడదని దానికో హద్దు పెట్టారు.

దాన్ని చూసుకునేది గంగులు అనే ఎద్దు. ఎవరేమన్నా నెమరేస్తూ ఊరుకుంటుంది కాబట్టి, అందరూ దాని ఓపికని తెగ మెచ్చుకునేవాళ్లు.

ఆ ఏడు వానలు ముంచుకొచ్చాయి. 'నీళ్లొస్తున్నాయా?' అని అడవంతా ఒక్కసారే అడగడం మొదలెట్టింది. వెయ్యి ఫైళ్లూ నిండిపోయి ప్రాక్సీ మిగిలినవాళ్ల మొహం మీదే తలుపేసింది. లంకలో ఉండే కుందేలు తాయారు, ఇంకా పలచగానే పారుతున్న పాయ దాటి పరిగెత్తుకొచ్చింది.

"అన్నా, నావి పాలు తాగే పిల్లలు. ఈ వానలో నోట కరుచుకుని ఊరికే తిప్పితే చచ్చిపోతాయి. కొంగ కబురు పెట్టిన క్షణం బయల్దేరతాను. ఆ కబురు నాకు అందుతుందా?"

"అందేలా చూస్తానమ్మా. నువ్వెళ్లి పిల్లల దగ్గరుండు," అంది గంగులు.

సింహం దొరవారు సభ పెట్టి, అన్నీ తెలుసని చెప్పుకు తిరిగే నక్క చెంగల్రాయుణ్ణి పిలిపించారు. నక్క సర్వరు ముందు కూర్చుని టకటకా కొట్టి తెర చూపించింది.

"వెయ్యి కాదు దొరా, ఇహ అరవై వేలు! చూసుకోండి."

సభంతా చప్పట్లు. దొరవారు అక్కడికక్కడే నక్కకి శాలువా కప్పారు. గంగులుకి మాత్రం మనసొప్పలేదు. నక్కని చాటుకి పిలిచింది.

"రాయుడూ, ఈ సర్వరు లేచినప్పుడు దీని హద్దు వెయ్యి అని చెప్పాం. నువ్విప్పుడు మార్చింది దీని చెవిన పడిందా?"

"ఎక్కడ పడుతుందోయ్! నేను మార్చింది నా తెర మీద. కొత్త హద్దు దీనికి రాసిపెట్టి, ఒకసారి ఆపి మళ్లీ లేపితేనే తెలుస్తుంది. అంతదాకా పాత వెయ్యే."

"మరి ఆ ముక్క దొరవారితో అనవేం?"

"శాలువా కప్పేశాక అనమంటావా? నువ్వు చెప్పుకో, నీకు ఓపిక ఎక్కువ కదా!"

గంగులు వెళ్లి చెప్పుకుంది. దొరవారు పంచాంగం చూసే తాబేలు వైపు తిరిగారు. తాబేలు మెడ బయటికి చాచింది.

"కొబ్బరికాయ కొట్టి, దివ్యమైన ముహూర్తంలో లేపిన సర్వరు అది. ఈనాటి వరకూ ఆగింది లేదు. ఆపి మళ్లీ లేపడమంటే కొత్తగా మొదలుపెట్టడమే. శుక్రమూఢం నడుస్తోంది. కూడదు."

"విన్నావుగా గంగులూ. మూఢం వెళ్లాక చూద్దాం," అన్నారు దొరవారు.

లంకలో పిల్లలున్నాయని, ఆపి లేపడానికి ఒక్క నెమరు సేపు కూడా పట్టదని గంగులుకి నోటిదాకా వచ్చింది. కానీ పెద్దల మాట కాదనడం దానికి చేతకాదు. తల ఊపింది.

ఓ మధ్యాహ్నం పాయ ఎర్రగా తిరిగింది. ఎవరు ఏం అడిగినా ప్రాక్సీ తలుపేస్తూనే ఉంది. గంగులు గట్టంచుకి పరిగెత్తి "తాయారూ! లేవమ్మా, లే!" అని గొంతు చిరిగేలా అరిచింది. గాలి ఆ అరుపుని అడవిలోకే తిప్పికొట్టింది. నీళ్లలోకి దూకితే వరద దాన్ని తుంగదుబ్బులా ఒడ్డుకి విసిరేసింది. చూస్తుండగానే లంక మీద చెట్ల తలలు మాత్రం మిగిలాయి.

గంగులు తడిసిన ఒంటితో వచ్చి, ఎవరినీ అడక్కుండా కొత్త హద్దు రాసిపెట్టి సర్వరు ఆపింది. మళ్లీ లేపింది. నిజంగానే నెమరు సేపు పట్టలేదు. అంతసేపూ ఆగకుండా పంపుతూనే ఉన్న కొంగ కబురు అప్పుడు హాయిగా దాటుకుని వచ్చింది: 'గేట్లు ఎత్తేశారు. లంక ఖాళీ చెయ్యండి.'

 అది చదివి, మాటిచ్చి చంపానే అని ఎద్దు కుళ్లికుళ్లి ఏడ్చింది.

సాయంత్రం మళ్లీ సభ. శాలువా సర్దుకుంటూ నక్క లేచింది. "దొరా, హద్దు నేనెప్పుడో పెంచాను. ఈ గంగులు ఇవాళ సర్వరు ఆపేసింది."

"మూఢంలోనా!" తాబేలు చెవులు మూసుకుంది. "వరద రాక ఏమవుతుంది మరి!"

"నీళ్లొచ్చాకే ఆపాను దొరా," అంది గంగులు. "ముందే ఆపి ఉంటే తాయారు బతికేది."

జీవితంలో మొదటిసారి అది పెద్దలకి ఎదురు చెప్పింది. వినేవాళ్లు లేరు. మూఢంలో సర్వరు ఆపి లంకని ముంచిందని తేల్చి, దాన్ని అడవి నుంచి వెళ్లగొట్టారు.

నీతి: నోరు విప్పాల్సిన వేళ పట్టిన ఓపిక, నిన్ను నమ్ముకున్నవాళ్ల ప్రాణం తీస్తుంది.