శుక్రవారం నూనె

మా నిరంజనసామికి ఒక దుర్గుణం ఉంది. ఎవరైనా ప్రశ్న అడిగితే జవాబు చెప్పడు, పని చెప్తాడు. పూర్వాశ్రమంలో బస్సు డిపోలో మెకానిక్కుగా చేసినవాడు. కాషాయం కట్టుకొని నల్లమల కొండమీద ఆశ్రమంలో కూర్చున్నా ఆ చేతులకు ఊరికే ఉండడం చేతకాదు. మోక్షం సంగతి అడగబోయి మోటారు పంపు విప్పి బిగించి వచ్చినవాణ్ణి నేను. అందుకే ఆవేళ కస్తూరి నోరు తెరవగానే, అయిపోయింది ఈమె పని అనుకొన్నాను.

కస్తూరి బేతంచెర్ల హైస్కూల్లో సోషలు చెప్తుంది. భర్త విద్యాధర్ గుండె ఆగి పోయి ఏడాది దాటింది. అతని కారులోనే ఘాటెక్కి సామి దగ్గరికి వస్తూ ఉంటుంది. ఆవేళ ఆ కారు చివరి మలుపులో దగ్గి, మూలిగి, ఎట్లాగో పైకి వచ్చి ఆగింది. ఆమె దిగి దండం పెట్టి, నిలబడే అడిగింది.

"సామీ, అందరూ మరిచిపొమ్మంటాండారు. నాకు మరిచిపోవాలని లేదు. గుర్తు పెట్టుకొంటేనేమో బతకలేకుండా ఉండా. ఏం చెయ్యమంటారు?"

సామి ఆమె ముఖం చూశాడు. ఆ తర్వాత కారు ముఖం చూశాడు.

"బానెట్ ఎత్తమ్మా" అన్నాడు.

నేను తల పట్టుకొన్నాను. కస్తూరి మాత్రం కంగారుపడి బానెట్‌కు అడ్డం నిలబడింది. "ఫిల్టరు జోలికి మాత్రం పోవద్దు సామీ. అది ఆయన పెట్టింది. ఊళ్ళో మెకానిక్కు పారేస్తానంటే నేను ఒప్పుకోలేదు."

అప్పుడు చెప్పింది సంగతంతా. ఇంజనులోకి గాలి పోయే దారిలో కంపెనీవాళ్ళు కాగితం ఫిల్టరు పెడతారు. మాసిపోతే దాన్ని పారేసి ఇంకొకటి వేసుకోవాలి. విద్యాధర్‌కు పారేయడమంటే గిట్టదు. కర్నూలు దాకా పోయి, కడుక్కొని మళ్ళీ మళ్ళీ వాడుకొనే నూలుబట్ట ఫిల్టరు ఏరి తెచ్చాడు. ఆ బట్టకు నూనె పట్టిస్తే అది దుమ్మును పట్టుకొని గాలిని వదులుతుంది. అది బిగించినాక యాక్సిలరేటర్ తొక్కితే ముందువైపు నుంచి నిట్టూర్పులాంటి చప్పుడొకటి వచ్చేదట. "వింటివా కస్తూరీ, బండి ఊపిరి తీసుకొంటాంది" అనేవాడట, తొక్కిన ప్రతిసారీ. చాల్లే అని ఆమె విసుక్కొనేదట. ఇప్పుడు ఆ చప్పుడు విందామనే ఆమె కారెక్కుతుంది. అది వినబడక నెలలైంది.

"ఆయన మాదిరే చూసుకొంటాండా సామీ. ప్రతి శుక్రవారం దేవుని దగ్గర దీపంలో నూనె పోసి, ఆ చేత్తోనే ఆయన సీసా తీసి దీనికీ పోస్తాండా. ఒక్క వారం తప్పలేదు. ఐనా అది నాతో మాట్లాడ్డం మానేసింది."

సామి ఆమెను మెల్లగా పక్కకు జరిపి, బానెట్ ఎత్తి, ఫిల్టరుండే పెట్టె విప్పి దాన్ని పైకి తీశాడు. అబ్బా, ఆ అవతారం చూడాలి! బేతంచెర్ల బండల గనుల రాతిపొడి అంతా ఆ నూనెలో పడి, మడతల నిండా పిండి ముద్దలా గట్టిపడి ఉంది. మిగిలిన నూనె కారి, పక్కనే గాలిని కొలిచే సెన్సారును కూడా ముంచింది.

"ఆయన పొయ్యడం చూసినావు. కడగడం చూల్లేదా?" అన్నాడు సామి.

ఆమె తెల్లబోయింది. "కడుగుతాడా? నేను శనివారాలు అమ్మను చూసేదానికి పోయి ఆదివారం వస్తాంటి. వచ్చేసరికి అరుగుమీద కూర్చొని నూనె పోస్తాండేవాడు."

సామి డిక్కీ తీయించాడు. అందులో నూనె సీసా పక్కనే ఇంకో సీసా ఉంది. అద్దాలు తుడిచే మందేమో అనుకొని ఆమె దాన్నెప్పుడూ ముట్టుకోలేదు. అది ఫిల్టరు కడిగే మందు, సగం వాడి ఉంది. మూత తీయగానే వాసన తగిలి కస్తూరి నోటికి కొంగు అడ్డం పెట్టుకొంది. ఆదివారాలు అతని చేతులు ఆ వాసనే వేసేవట.

"నన్నడిగింటే మీ రాతిపొడి ఊరికి కాగితందే మేలనేవాణ్ణి. ఇది పెట్టుకొన్నోళ్ళకు చాకిరీ తప్పదు. మీ ఆయన చేసినాడు" అన్నాడు సామి.

"కడగలేను సామీ. ఆ దుమ్ములో ఆయన తిరిగిన దార్లుండాయి."

సామి చెంబు నీళ్ళు తెచ్చి ఆమె చేతిలో పెట్టాడు. ఎంతసేపటికో ఆమె మందు చల్లి, నానబెట్టి, మురికి పట్టిన వైపు నుంచే నీళ్ళు పోయబోయింది.

"అట్ల గాదు. బయటినుంచి పోస్తే దుమ్ము ఇంకా లోపలికి దిగుతుంది. లోపలినుంచి బయటికి పొయ్యమ్మా."

పోసింది. బూడిదరంగు నీళ్ళు బండమీద పారుతుంటే వెక్కి వెక్కి ఏడ్చింది. ఊరుకోమ్మా అని ఎవరమూ అనలేదు. నీళ్ళు తేటపడ్డాక ఫిల్టరు తీసుకొని గబగబా ఎండలోకి నడిచింది, త్వరగా ఆరితే త్వరగా వినొచ్చని. సామి వెనక్కి పిలిచాడు. ఎండకు పెడితే బట్ట పాడవుతుంది, నీడలోనే ఆరాలి. ఆ రాత్రి ఆమె ఆశ్రమంలోనే ఉండిపోయింది. ఈలోగా సామి తన ఇనప్పెట్టెలోంచి ఏదో మందు తీసి సెన్సారుకు పట్టిన నూనె వదిలించాడు.

పొద్దున్నే నూనె పోయడం మొదలుపెట్టింది. మడత మడతకూ సన్నగా పోసి, చివర మళ్ళీ సీసా వంచింది. శుక్రవారాల అలవాటు మరి, ఎక్కడికి పోతుంది! సామి ఆమె మణికట్టు పట్టుకొన్నాడు.

"ఇంకొంచెం సామీ."

"చాలమ్మా. అది తాగినంతే."

నూనె అంతటా పాకేదాకా కూర్చొని, ఫిల్టరు బిగించి, ఆమె కారు స్టార్ట్ చేసింది. యాక్సిలరేటర్ తొక్కింది. వచ్చింది ఆ చప్పుడు! నేనే బానెట్ మీదికి వంగి విన్నాను, ఆమె సంగతి చెప్పేదేముంది. కళ్ళు మూసుకొని పక్క సీటు మీద చెయ్యి వేసి మళ్ళీ తొక్కింది. మళ్ళీ తొక్కింది. కారు ఉన్నచోటనే ఊపిరి తీస్తూ ఉంది, ఆమె వింటూ ఉంది. ఎంతకూ కళ్ళు తెరవలేదు.

సామి పోయి అద్దంమీద వేలితో తట్టాడు.

"విన్నావు గదా. ఇంక గేరు వెయ్యమ్మా."