రెండు గబ్బిలాలకూ ఒకే శిక్ష

ఒకానొక రాజ్యంలో, పెద్దగా చెప్పుకోదగ్గ రాజ్యమేమీ కాదు లెండి, ప్రచండవర్మ అనే రాజు ఉండేవాడు. ఆయనకు జామపళ్లంటే ప్రాణం. పెద్ద గబ్బిలాలు అడవి నుంచి వచ్చి ఆ పళ్లు కొరికిపోయేవి. అవి ఎంతకీ దొరక్కపోయేసరికి, కోట బురుజుల్లో వేలాడే చిన్న గబ్బిలాలకు పొగ పెట్టించాడు.

"అవి పళ్లు ముట్టవు ప్రభూ, దోమల్ని తింటాయి" అన్నాడు విదూషకుడు తిప్పన్న.

"రెండూ తలకిందులుగా వేలాడేవే కదా! చుట్టం తప్పుకు చుట్టానిదే పూచీ" అన్నాడు రాజు.

సభంతా చప్పట్లు కొట్టింది. నాకు ఆ సభ మీద ఈనాటికీ కోపమే.

ఆ వానాకాలం దోమలు ఊరిని పీక్కుతిన్నాయి. వెంటే చలిజ్వరం వచ్చింది. పట్టు దోమతెరలో పడుకునే రాజుకు ఆ బాధ ఏం తెలుస్తుంది? తిప్పన్న ఒక్కగానొక్క కూతురు పున్నమ్మ మంచం పట్టింది. వైద్యుడు పెదవి విరిచాడు.

ఇక చిన్న గబ్బిలాలు మిగిలింది పాత గజశాలలోనే. దానికీ పొగ పెట్టమని ఆజ్ఞ అయింది. తన బిడ్డ సంగతి ఎలాగూ చెయ్యి దాటింది, మిగతావాళ్ల పిల్లలైనా బతకాలనుకున్నాడు తిప్పన్న. విదూషకుడు సభలో కంటతడి పెట్టకూడదని అక్కడి ఆచారం. ముఖానికి రంగు పూసుకుని వెళ్లాడు.

"ప్రభూ, మన ఆవుల మందను తోలుకుపోయిన దొంగెవరో తెలిసింది. ఏం శిక్ష?"

"నడివీధిలో కొరడా దెబ్బలు!"

"వాడు దొరకలేదు. వాడి చుట్టం దొరికాడు."

"అయితే చుట్టాన్నే కొట్టండి. మన న్యాయం అదేగా!"

తిప్పన్న కొరడా తెచ్చి సింహాసనం ముందు పెట్టాడు.

"ఆ దొంగ తమరి పినతండ్రిగారి అబ్బాయి ప్రభూ. ఇద్దరికీ అవే మీసాలు, అదే నడక. తమరు కాస్త కిందికి దిగితే..."

రాజు ముఖం ఎర్రబడింది. తర్వాత పొట్ట పట్టుకుని పగలబడి నవ్వాడు.

"గెలిచావురా తిప్పన్నా! గజశాలకు పొగ పెట్టొద్దు. నీకేం కావాలో కోరుకో."

అంతలో ద్వారపాలకుడు వచ్చి, పున్నమ్మ పోయిందని తిప్పన్న చెవిలో చెప్పాడు.

"ఏడవడానికి సెలవిప్పించండి ప్రభూ" అన్నాడు తిప్పన్న.

అదీ చమత్కారమే అనుకున్నాడు రాజు. ఇంకా గట్టిగా నవ్వి, తన మెడలోని ముత్యాలహారం తీసి తిప్పన్న మెడలో వేశాడు. సెలవు మాత్రం ఇవ్వలేదు.