గీరిన చెట్టుకు అవతల

అనగనగా ఇప్పచెట్లు ఎక్కువగా, మాట్లాడేవాళ్ళు అంతకన్నా ఎక్కువగా ఉన్న ఒక అడవిలో నాంచారమ్మ అనే ముళ్ళపంది ఉండేది. ఆవిడ పొరుగున గురవయ్య అనే ఎలుగుబంటి ఉండేవాడు.

గురవయ్య చెడ్డవాడు కాదు. వరదలో కొట్టుకొచ్చిన ఒక తాబేలును ఒడ్డుకు లాగి, బంగారు అని పేరు పెట్టి పెంచుకున్నాడు. పారిపోకుండా దాని వెనక కాలికి తీగ కట్టి, ఆ తీగను బండకు బిగించాడు. తాబేలు పారిపోతుందని భయపడ్డవాడి గురించి నేను ఇంకెక్కడా వినలేదు.

మొదట్లో రోజూ ఆకులూ నీళ్ళూ తెచ్చేవాడు. తర్వాత ఎండాకాలం వచ్చి ఇప్పపూలు రాలాయి. పిల్లలూ, ఇప్పపూలు తియ్యగా ఉంటాయి. తింటే మత్తుగా ఉంటుంది. లేచాక ఇంకొన్ని తినాలనిపిస్తుంది. ఈ మూడు పనుల మధ్య బంగారుకు చోటు లేకపోయింది.

దాహం వేసినప్పుడు బంగారు తన చిప్పను బండకేసి కొట్టేది. టక్. టక్. ఆ చప్పుడు నాంచారమ్మ బొరియలోకి వినిపించేది. ఆవిడకు ముద్ద దిగేది కాదు.

వెళ్ళి నీళ్ళు పోయొచ్చు కదా అంటారేమో. ఆ అడవిలో ఒక నియమం ఉంది. ఎలుగుబంటి గోళ్ళతో గీరిన చెట్టు దాటి ఎవరూ లోపలికి వెళ్ళకూడదు. ఆ నియమం ఎవరు పెట్టారో ఎవరికీ తెలియదు. అందుకే ఎవరూ మార్చలేదు.

నాంచారమ్మ గీరిన చెట్టుకు ఇవతలే నిలబడి గురవయ్యను పిలిచింది.

"ఎండలు మండిపోతున్నాయి కదా నాయనా," అంది.

"అవును పిన్నీ."

"దాహం వేస్తుంది కదా, అందరికీ."

"వేస్తుంది పిన్నీ. నీకేమైనా నీళ్ళు కావాలా?"

"వద్దులే," అని వచ్చేసింది.

తర్వాత కుందేలును సలహా అడిగింది. "వాడి తాబేలు, వాడిష్టం," అంది కుందేలు. "ఇవాళ అక్కడ దూరితే, రేపు పిల్లల్ని సరిగ్గా పెంచట్లేదని నా బొరియలో దూరతావు." కుందేలుకు పదకొండుమంది పిల్లలు. ఆ భయానికి కారణం లేకపోలేదు.

మూడోసారి ఆవిడ ఎవరినీ అడగలేదు. గురవయ్య మధ్యాహ్నం మత్తులో గురకపెడుతుంటే, మోదుగాకు దొన్నెలో నీళ్ళు పట్టుకుని చెట్టు దాటింది.

"ఎవరికీ చెప్పకు," అంది.

"ఎవరున్నారు చెప్పడానికి?" అంది బంగారు.

అలా ఇరవై రోజులు గడిచాయి. టక్ టక్ ఆగిపోయింది. నాంచారమ్మకు తన మీద తనకే గౌరవం కలిగింది. గురవయ్యకూ కలిగింది, తన మీద.

"మా బంగారుకు మేతా నీళ్ళూ అక్కర్లేదు," అని ఏటి ఒడ్డున అందరికీ చెప్పాడు. "అంత గట్టిగా పెంచాను."

నాంచారమ్మ అక్కడే ఉంది. నోరు విప్పితే చెట్టు దాటానని ఒప్పుకోవాలి. అందుకని నేల మీద చీమలను చూస్తూ నిలబడింది. మర్నాటి నుంచి గురవయ్య కొండ అవతలి ఇప్పచెట్లకు వెళ్ళి, ఎప్పుడో చీకటి పడ్డాక రావడం మొదలుపెట్టాడు.

ఇంతలో పక్క అడవిలో ఉన్న నాంచారమ్మ చెల్లెలికి పురుడు వచ్చింది. ఆవిడ వెళ్ళి నాలుగోరోజున తిరిగొచ్చింది. ఎక్కడా చప్పుడు లేదు. "హమ్మయ్య," అనుకుని కూర్చుంది. కూర్చున్నాక, ఈ మూడు రోజులూ నీళ్ళు ఎవరు పోశారా అని తట్టింది.

పట్టపగలే పరుగెత్తింది. బంగారు తల చిప్పలోపలికి పోయి ఉంది. పిలిస్తే పలకలేదు. నాంచారమ్మ తీగ కొరికేసింది. తాబేలును ముట్టెతో నెట్టుకుంటూ ఏటికి బయలుదేరింది. తాబేలును నెట్టడం పూటంతా పట్టే పని. దారి పొడుగునా ఆవిడ ముళ్ళు రాలాయి. నీళ్ళలో చాలాసేపు నానాక బంగారు తల, బొటనవేలంత, బయటికి వచ్చింది.

ఆ సాయంత్రం గురవయ్య పెందలాడే వచ్చి చూస్తే బండ దగ్గర తెగిన తీగ, ఒక ముల్లు ఉన్నాయి. ఆ అడవిలో ముళ్ళపంది ఒక్కతే. అయినా ముల్లు ఎవరిదో నలుగురిని అడిగి తెలుసుకున్నాడు. తెగిన తీగ చేత పట్టుకుని, దారిలో ముళ్ళు ఏరుకుంటూ ఏటికి వచ్చాడు.

"దొంగతనమా పిన్నీ?"

"అవును నాయనా. చెట్టు కూడా దాటాను. ఇవాళే కాదు, ఇరవై రోజులు. నీళ్ళు పోసింది నేను. నీ పెంపకం కాదు."

గురవయ్య తాబేలు వడలిపోయిన మెడ వైపు చూశాడు. గొంతు తగ్గింది. "మరి నాకు చెప్పొచ్చుగా!"

"చెప్పాను."

"ఎండల గురించి చెప్పావు."

నాంచారమ్మ ఒప్పుకుంది. "నిజమే. నీ ముఖాన చెప్పడానికి మొహమాటపడ్డాను. ఆ మొహమాటానికి ఇది చావబోయింది."

"ఇప్పుడు ఇది ఎవరి దగ్గర ఉండాలి?" అన్నాడు గురవయ్య.

దాన్నే అడగవచ్చని ఇద్దరికీ ఒకేసారి తోచింది. అడిగారు. బంగారు ఆలోచించింది. ఈలోగా, చూడ్డానికి వచ్చిన కుందేలు ఇంటికెళ్ళి పిల్లలను లెక్కపెట్టుకుని మళ్ళీ వచ్చింది.

"నీళ్ళ దగ్గర," అంది బంగారు.

గురవయ్య చేతిలోని తీగను ఏట్లో వదిలేశాడు. "అప్పుడప్పుడు వచ్చి చూడొచ్చా?" అని అడిగాడు.

"రా," అంది బంగారు. "ఇప్పపూలు తినకముందు రా."

నీతి: పక్కవాడు కట్టేసిన ప్రాణి అల్లాడుతుంటే చాటుగా నీళ్ళు పోసి ఊరుకోకు. వాడి ముఖానే చెప్పు. అప్పటికీ కదలకపోతే, పట్టపగలే చెట్టు దాటు.