కంచుతల చూడని కుమ్మరివాడ

అనగనగా, మీ ముత్తాత ముత్తాతకు ఇంకా పాలపళ్ళు కూడా రాని రోజుల్లో, పెదకోన అనే రాజ్యాన్ని వీరకేతుడనే రాజు ఏలేవాడు. ఆయన మీసాలు ఎంత పొడుగంటే, ఒక కొస మీద రాణిగారి చీరలు ఆరేస్తే రెండో కొస మీద చిలకలు గూళ్ళు కట్టుకునేవి. నేనేమీ పెంచి చెప్పడం లేదు. నాలుగు బారలు తగ్గించే చెబుతున్నాను.

అంత మీసమున్న రాజుకూ ఒక భయం ఉండేది. తీర్పు చెబితే తప్పవుతుందేమోనని భయం. తప్పయితే జనం తననే అంటారని ఇంకా పెద్ద భయం.

ఒకనాడు ఓడ వర్తకుడొకడు ఏనుగంత కంచుతలను తెచ్చి సభలో దించాడు.

"మహాప్రభూ! మీ తాటాకు దస్త్రాలన్నీ దీని నోట వేయండి. నమిలి, అరాయించుకుని, ఏ ప్రశ్నకైనా జవాబు చెబుతుంది. నిద్రపోదు, లంచం పట్టదు" అన్నాడు.

వందేళ్ళ దస్త్రాలు వేశారు. కంచుతల మూడు రోజులు నమిలింది. ఆ చప్పుడుకు పక్క రాజ్యంలో ఆవులు పాలివ్వడం మానేశాయి.

"ఈ ఏడు ఏ బావులు ఎండుతాయి?" అని అడిగాడు రాజు.

"తూర్పు వీధివి పన్నెండు" అంది కంచుతల. సరిగ్గా ఆ పన్నెండే ఎండాయి. రాజు పొంగిపోయి రాజముద్రను దాని మెడలో వేశాడు. "ఇకమీదట ఇది చెప్పిందే ఆజ్ఞ. నన్నెవరూ అడగొద్దు!"

తరువాత అది మావటి ఓబులేశును పట్టుకుంది. "వీడు దొంగతనం చేస్తాడు. వీడి తాతా ముత్తాతా దొంగలని రాసి ఉంది."

"నేనేం చేశాను స్వామీ?" అని మావటి మంత్రి త్రిలోచనయ్య కాళ్ళు పట్టుకున్నాడు.

మంత్రి కళ్ళు దించుకున్నాడు. "నేనన్నానా నాయనా? అది అంది."

ఓబులేశును రాజ్యం దాటించారు. ఆనాటి నుంచి పెదకోనలో తుమ్మడానికి కూడా జనం వణికారు. తన గురించి ఏ ఆకు మీద ఏం రాసి ఉందో ఎవరికి తెలుసు?

ఇక మూడోది. ఏడు రోజులు ఎడతెగని వాన. ఒక్కో చినుకు గుమ్మడికాయంత! చెరువు అంచుల దాకా నిండింది. కట్ట తెగితే నగరం మునుగుతుంది.

"దక్షిణపు కట్టకు గండి కొట్టండి. నీళ్ళు కుమ్మరివాడ మీదుగా పోతాయి. నగరం బతుకుతుంది" అంది కంచుతల.

మంత్రి దగ్గరికి వెళ్ళి అడిగాడు. "మరి అక్కడి మనుషులో?"

"మనుషులు లేరు. కుండలు నాలుగు వందలు ఉన్నాయి. కుండలు మళ్ళీ చేసుకోవచ్చు."

కుమ్మరులు ఏటా కోటకు పన్నుగా కుండలే ఇచ్చేవారు. కరణాలు 'కుమ్మరివాడ, కుండలు నాలుగు వందలు' అని రాసి ఊరుకునేవారు. వందేళ్ళలో ఒక్క మనిషి పేరైనా రాసిన పాపాన పోలేదు. కంచుతల తిన్నదే కక్కింది.

మంత్రికి ఆ సంగతి తెలుసు. అయినా ఆజ్ఞను సేనను నడిపే దళవాయికి పంపేశాడు.

బంట్లు గడ్డపారలతో కట్ట ఎక్కారు. గండి కొట్టాల్సిన చోటే నీరుగంటి సుంకులమ్మ కూర్చుని ఉంది. చెరువు నీళ్ళు పొలాలకు వదిలేది ఆవిడే. కట్ట కింద మూడు వందల గడప. వాళ్ళకెవరూ ఏమీ చెప్పలేదు. ఆడవాళ్ళు పచ్చికుండలు తడవకుండా లోపలికి మోసుకుంటున్నారు.

"లే అవ్వా! ఆజ్ఞ!" అన్నాడు బంటు.

"ఎవరిదిరా?"

"దళవాయిగారిది."

దళవాయి వచ్చాడు. "నాది కాదు ముసలీ, మంత్రిగారిది."

మంత్రి గొడుగు కింద వణుకుతూ వచ్చాడు. "నాది కాదమ్మా, రాజుగారిది."

నీళ్ళు సుంకులమ్మ మడమలు తడిపాయి. చివరికి రాజే ఏనుగెక్కి వచ్చాడు.

"నాది కాదు... కంచుతలది."

"అయితే దాన్నే పిలవండి దొరా. కిందున్న పిల్లల మొహం చూసి, మిమ్మల్ని ముంచేస్తున్నానని చెప్పమనండి. అది రాలేకపోతే మీరు చెప్పండి. ఇంతమంది మగమహారాజుల్లో 'నేను' అన్నవాడు ఒక్కడుంటే లేస్తాను."

బంటు దళవాయిని చూశాడు, దళవాయి మంత్రిని చూశాడు, మంత్రి రాజును చూశాడు. రాజు మొదటిసారి కిందికి చూశాడు. ఒక పసిపిల్ల ఏనుగును చూసి సంబరంగా చేతులూపింది. రాజు మీసాలు రెండూ వాలిపోయి నేలను తాకాయి.

"కట్ట ఎంతసేపు ఆగుతుంది సుంకులమ్మా?"

"అర జాము. అదీ నా బరువుండబట్టి."

"అయితే వినండి! ఏనుగులు, బండ్లు, నా పల్లకీ అన్నీ దించండి. వాడంతా కోటలోకి చేరాలి. ఆఖరి మనిషి ఎక్కాకే గండి. ఇది నా ఆజ్ఞ. కూలే ప్రతి ఇంటికీ నేనే జవాబుదారీ!"

అప్పుడు లేచింది సుంకులమ్మ.

వాడంతా కొట్టుకుపోయింది. ఇళ్ళు, కుండలు కాల్చే ఆములు, నాలుగు వందల కుండలు అన్నీ పోయాయి. మనుషులు మిగిలారు. ఓబులేశు కోసం నాలుగు దిక్కులా వెతికించారు. అతను మాత్రం మళ్ళీ దొరకలేదు.

రాజు కంచుతల మెడలోంచి ముద్ర తీసేశాడు. దాన్ని పగలగొట్టలేదు. బావుల సంగతి ఇప్పటికీ దాన్నే అడుగుతారట. కానీ ఆజ్ఞ ఇచ్చేవాడు, అది ఎవరి మీద పడుతుందో వాళ్ళ వాకిట్లోకి వెళ్ళి, తన పేరు చెప్పి చదవాలని చట్టం చేశాడు. మొదటి నెల సగం మంది అధికారులకు జ్వరాలొచ్చాయి!

కాబట్టి పిల్లలూ, సలహా ఎంత తెలివైనదాన్నైనా అడగండి. కానీ ఆ మాట వల్ల ఒకరికి నష్టం జరిగేటప్పుడు, వాళ్ళ ఎదుట నిలబడి 'ఇది నా నిర్ణయం' అని చెప్పగలిగినవాడే ఏలడానికి తగినవాడు.