గెంతులవ్వ కింద పడిన రోజు

అనగనగా ఒక అడవి, ఆ అడవి మధ్యలో మొసళ్లున్న ఒక వాగు. వాగుకి ఇవతలి ఒడ్డున ఒక కోతుల మంద ఉండేది. వానలు మొదలైతే ఆ ఒడ్డంతా మునిగిపోయేది. అందుకని ఏటా తొలకరికి ముందే కోతులన్నీ మద్దిచెట్టు కొమ్మ మీంచి అవతలి ఒడ్డు నేరేడు కొమ్మకి దూకి వెళ్లిపోయేవి. పసికూనలని తల్లులు పొట్టకి హత్తుకుని దూకేవి. ఏడాది దాటిన పిల్లలు మాత్రం సొంతంగా దూకాల్సిందే.

ఆ పిల్లలకి దూకడం నేర్పేది గెంతులవ్వ. మందలో అందరికంటే పెద్దది, అందరికంటే బాగా దూకేది. కోపం కూడా అందరికంటే ఎక్కువే. వాగు పక్కన ఇసుకలో రెండు చెట్లుండేవి. పాఠాలన్నీ ఆ రెండు చెట్ల మధ్యే జరిగేవి.

ఆ ఏడు పిడికిలి అనే పిల్లకోతి వంతు వచ్చింది. ఏది దొరికినా గట్టిగా పట్టుకుంటాడని వాళ్లమ్మ ఆ పేరు పెట్టింది. పాపం, మొదటి రోజే వాడు ఇసుకలో బోర్లా పడ్డాడు. మిగతా పిల్లలు పకపకా నవ్వారు.

"కోతై పుట్టి కింద పడతావట్రా? నా జన్మలో నేను పడి ఎరగను!" అని గెంతులవ్వ కసిరింది.

అంతే, పిడికిలి మళ్లీ చెట్టెక్కలేదు.

"అమ్మా, నేను కోతిని కానేమో" అంటూ నేల మీదే తిరిగేవాడు. వాళ్లమ్మ పొట్టకి అప్పటికే ఓ బుజ్జి తమ్ముడు అతుక్కుని ఉన్నాడు. ఇద్దరినీ మోస్తూ దూకడం ఆమెవల్ల కాదు. అలాగని ఒకణ్ణి వదిలి వెళ్లగలదా? రోజురోజుకీ మబ్బులు కమ్ముకొస్తుంటే ఆ తల్లికి తిండి సయించలేదు.

ఒకరోజు పొద్దున్నే గెంతులవ్వ ఒక్కతే వచ్చి దూకి చూసుకుంటోంది. ఎన్నడూ లేనిది, ఎడమచెయ్యి పట్టు జారింది. దబ్బున ఇసుకలో పడింది. మోకాలు చీరుకుపోయింది. గబగబా చుట్టూ చూసింది. వాగు గట్టున ఒక ఉల్లంకి పిట్ట తప్ప ఎవరూ లేరు.

ఆ పిట్ట ఏటా జపాన్ దేశం నుంచి సముద్రాలు దాటి వచ్చి, ఎండలు ముదరగానే తిరిగి వెళ్లిపోయేది. ఈసారి రెక్క నొప్పెట్టి ఆగిపోయింది.

"తల్లీ, నీకు పుణ్యముంటుంది, ఎవరికీ చెప్పకు. నా పరువు పోతుంది" అని గెంతులవ్వ బతిమాలింది.

"పరువెందుకు పోతుందవ్వా?" అంది పిట్ట. "మా దేశంలో మంచి పనివాళ్ల చేతిలో పని చెడిపోతే, పెద్దవాళ్లు పక్కన కూర్చుని, 'కోతి కూడా ఒక్కోసారి చెట్టు మీంచి పడుతుంది' అంటూ ఆ కోతిని తలుచుకుంటారు."

"తలుచుకుని నవ్వుతారా?"

"లేదవ్వా, ఓదారుస్తారు. ఆ కోతి మాట వింటే ఏడ్చేవాళ్లు కళ్లు తుడుచుకుని మళ్లీ పనికి లేస్తారు."

గెంతులవ్వ మోకాలు నిమురుకుంది. చిన్నప్పుడు తను ఎన్నిసార్లు పడిందో గుర్తొచ్చింది. ఎక్కడో ముక్కూమొహం తెలియనివాళ్లని ఒక కోతి ఓదారుస్తోంది. ఇక్కడ తన మంద పిల్లాణ్ణి తనే ఏడిపించింది. అవ్వకి సిగ్గేసింది. కళ్లు చెమర్చాయి.

కుంటుకుంటూ మంద దగ్గరికి వెళ్లి, అందరూ వినేలా చెప్పింది.

"ఒరే పిడికిలీ, ఇవాళ నేను పడ్డానురా. చిన్నప్పుడు కూడా బోలెడుసార్లు పడ్డాను. పడలేదని నీకు అబద్ధం చెప్పాను. ఇప్పుడు ముసలిదాన్నయ్యాను, ఎడమచెయ్యి జారుతోంది."

ఒక్కరూ నవ్వలేదు. పిడికిలి మెల్లగా వచ్చి ఆ మోకాలి మీద ఊదాడు.

"నొప్పెట్టిందా అవ్వా?"

"పెట్టింది నాన్నా."

"పడినా నువ్వు కోతివేగా?"

"కోతినేరా. నువ్వూ కోతివే."

పిడికిలి చెట్టెక్కాడు. మొదటిసారి పడ్డాడు. అవ్వ ఇసుక దులిపింది. రెండోసారి పడ్డాడు. అవ్వ మళ్లీ దులిపింది. మూడోసారి కొమ్మ వాడి చేతికి చిక్కింది. ఇంక వదుల్తాడా!

నాలుగు రోజులకే ఉరుములు మొదలయ్యాయి. మంద బయల్దేరింది. ఎప్పుడూ ముందు దూకే గెంతులవ్వ ఈసారి పిడికిలి కోసం వెనక ఉండిపోయింది. అవతలికి చేరిన కోతులన్నీ నేరేడు పళ్ల మీద పడ్డాయి. పిడికిలి కళ్లు పెద్దవి చేసుకుని దూకాడు. అవతలి కొమ్మని పట్టేశాడు! కానీ పళ్ల వైపు వెళ్లకుండా కొమ్మ చివరే కూర్చున్నాడు.

"వెళ్లి పళ్లు తినరా!" అని అవ్వ అరిచింది.

"నీ ఎడమచెయ్యి జారుతుందని చెప్పావుగా అవ్వా. నువ్వు రా, తర్వాత తింటా."

గెంతులవ్వ దూకింది. కుడిచెయ్యి కొమ్మకి అందలేదు. ఎడమచెయ్యి అందింది కానీ జారిపోయింది. కింద మొసలి నోరు తెరిచింది. ఆ క్షణంలోనే ఒక చిన్న పిడికిలి అవ్వ మణికట్టుని గట్టిగా పట్టుకుంది. కుడిచేతికి కొమ్మ దొరికేదాకా వదల్లేదు.

అవ్వ రొప్పుతూ కొమ్మెక్కి, వాణ్ణి గుండెకి హత్తుకుంది.

"మళ్లీ జారానురా" అంది.

"జారితే ఏమైంది అవ్వా, నేను లేనూ!" అన్నాడు పిడికిలి.

నీతి: పెద్దవాళ్లు తాము పడిన సంగతి దాచకుండా చెబితే, పిల్లలకి లేచే ధైర్యం వస్తుంది, పెద్దవాళ్లకి ఆసరా దొరుకుతుంది.